మా వాకిట్లో ఆగిన డోలక్

నల్లవాగుపల్లె, కోయిలకుంట్ల దగ్గర
20 నవంబరు 2024

వదినకు,

ఈ చేతిరాత చూసి ఎవరిదబ్బా అనుకుంటారు. నాదే, కృపమణిది. ఇన్నేళ్లూ మీకు జాబులు రాసింది మీ తమ్ముడే. అడుగున 'కృప వందనాలు చెప్పమంది' అని కూడా ఆయనే రాసేవాడు. నేను చెప్పకపోయినా రాసేవాడు. ఈసారి నేనే చెప్తున్నాను, వందనాలు.

ఫోన్ చేద్దామంటే మీకు కీచుమని శబ్దం తప్ప ఏమీ వినపడదు. 'అత్త ఇంటిగలామె ఫోనుకు మెసేజ్ పెడతాలేమ్మా' అన్నాడు మావాడు జయకుమారు, కర్నూలు నుంచి ఫోనులో. మెసేజ్‌లో ఏం చెప్తాం, బాగున్నామని తప్ప. అందుకే వాడి పాత నోటుబుక్కులోంచి కాయితం చించుకొని కూర్చున్నాను. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించండి.

ముందు మంచి మాట చెప్తాను. మా కోడలు జెస్సీకి నాలుగో నెల. కర్నూలులోనే చూపించుకుంటోంది. దానికి తల్లి లేదు కదా, కాన్పుకు నేనే పోవాల్సి ఉంటుంది. ఆగస్టులో ఆయన పోయిన పూటకే ఆ బిడ్డ కడుపులో ఉందంట, ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆయన ఊరంతా చాటింపు వేసేవాడు.

చేలో శనగ బాగానే మొలిచింది. మొన్న కలుపు తీయడానికి పోయినాం. పక్కింటి మాబీ మాకు సాయం వచ్చింది. కలుపు తీస్తూ వాళ్లాయన లాల్ అహమ్మద్ సంగతి చెప్పింది. కోయిలకుంట్లలో టైలరు గదా, ఒక పెండ్లికొడుకుకు ప్యాంటు కుట్టి ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి చేసినాడంట. వాళ్లు కొట్లాటకు వస్తే, 'ప్యాంటు సక్కంగానే ఉండాది, మీవాడే వంకర నిలబడినాడు' అన్నాడంట. ఆడోళ్లంతా నవ్వినారు. నేనూ నవ్వినాను వదినా. కడుపు పట్టుకొని, చేలో కూలబడి నవ్వినాను.

నవ్వి తలెత్తితే మా ఇంటి వరసలో ఉండే భీమమ్మ నన్నే చూస్తోంది. నాకు నోట్లో మన్ను పడినట్లయింది. చేను నుంచి ఆయన వచ్చి మంచం మీద కూర్చొని నీళ్లడిగి, నేను చెంబు తెచ్చేలోపలే ఒరిగిపోయినాడే, అది జరిగి మూడు నెలలే. నాకు నవ్వెట్లా వచ్చింది? ఇంటికొచ్చి శానాసేపు ఆయన మంచం దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడిగినట్లు.

మీరు చదువు చెప్పినోళ్లు. ఇది తప్పో కాదో మీరే చెప్పాలి. వేరే ఎవరినీ అడగలేను.

మందులు మానకుండా వేసుకోండి.

మీ మరదలు
కృపమణి


కడప
2 డిసెంబరు 2024

కృపమణికి,

నీ జాబు అందింది. తప్పులు ఉన్నాయి, దిద్దలేదు. రాజు జాబులు ఎర్రపెన్నుతో దిద్ది తిరుగు టపాలో పంపేదాన్ని, వాడు మళ్లీ అవే తప్పులు రాసేవాడు. కావాలనే రాసేవాడని నా అనుమానం.

జెస్సీ సంగతి చదివి ఇంటిగలామెను పిలిచి చెప్పాను. ఇద్దరం చెరో బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాం. ఆమె వెళ్లాక తలుపు మూసి కూర్చున్నాను. ఈ మాట నాకు రాయాల్సినవాడు వాడు కదా. సంతోషం వచ్చిన దారిలోనే ఏడుపు కూడా వచ్చింది. జెస్సీని బస్సుల్లో తిరగొద్దను. కర్నూలు ఆటోలు అంతకంటే ప్రమాదం.

నవ్వు సంగతి అడిగావు. నవ్వు రావడం తప్పని నేననను. కానీ నలుగురిలో అంత నవ్వు అవసరమా? ఏడాది తిరిగేదాకా మనిషి తనను తాను పట్టుకోవాలి. నేను ఈసారి సీతాఫలం ముట్టుకోలేదు, వాడికి ఇష్టమని. చర్చిలో పాటల వరసలో నిలబడడం మానేసి వెనక కూర్చుంటున్నాను. పాడినా నాకు వినపడదు, అది వేరే సంగతి. అయినా నిలబడలేదు. క్రిస్మసుకు కొత్త చీర లేదు, స్టారు లేదు. మీ ఇంట్లోనూ అంతే ఉంటుందిలే, నీకు చెప్పాలా.

మా చిన్నాన్న కొడుకు ఏసుప్రసాదు కంటి పరీక్షకు కడప వచ్చి నన్ను చూసి పోయాడు. ఊళ్లో యూత్ పిల్లలందరినీ వాడే నడిపిస్తున్నాడట. పండగ నాడు నిన్ను ఎవరూ ఇబ్బంది పెట్టకుండా చూసుకుంటారు, దిగులు పడకు.

ఇక్కడ కొళాయి మూడు రోజులకోసారి వస్తోంది. నాకు చప్పుడు వినపడదు కాబట్టి ఇంటిగలామె వచ్చి భుజం తట్టి చెప్తుంది. పెన్షను తెచ్చుకోవడానికి బ్యాంకుకు పోతే అక్కడి పిల్ల నా మీద అరుస్తుంది, వినపడాలని కాబోలు.

శనగకు పురుగు తగలకుండా చూసుకో. వేళకు తిను.

వరమ్మ


నల్లవాగుపల్లె
27 డిసెంబరు 2024

వదినకు,

పండగ అయిపోయింది. మీరు స్టారు వద్దన్నారు. నేను కట్టినాను. ఎందుకో చెప్తాను, చదివినాక కోప్పడండి.

మనూళ్లో కేరల్స్ పిల్లలు స్టారు ఉన్న ఇంటి ముందరే నిలబడి పాడతారు. చావు జరిగిన ఇంటికి ఆ యేడు స్టారు ఉండదు, వాళ్లు దాటి పోతారు. ఇదంతా మీకు తెలిసిందే. ఇంక మీకు తెలియనిది, నేను ఆయన డోలక్ చర్చికిచ్చేసినాను. నవంబరు కడా ఆదివారం పోయి, పాస్టరయ్య చేతికి ఇచ్చి వచ్చినాను. ఇంట్లో గోడకు తగిలించి ఉంటే పొద్దస్తమానం దాన్నే చూస్తున్నాను. ఎవరో ఒకరు కొట్టనీ అనుకున్నాను.

ఇచ్చినాక ఒక ఆశ పుట్టింది. ముప్పై యేండ్లు ఆయన అది మెడలో వేసుకొని ఊరంతా కొట్టుకుంటా తిరిగి, కడాకు మన వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. నేను తలుపు తీసేదాకా ఆపేవాడు కాదు. ఇప్పుడు ఎవరు కొడితే ఏమి, ఆ తాళ్లు బిగించింది ఆయన చేతులే కదా. ఒక్కసారి మా వాకిట్లో ఆ చప్పుడు వినాలనిపించింది. స్టారు లేకపోతే వాళ్లు నిలబడరు. అందుకని పాత వెదురు చట్రానికి కొత్త కాయితం అంటించి, మాబీ కొడుకు రబ్బానీతో బల్బు పెట్టించి కట్టినాను. కజ్జికాయలు చేసినాను. టీకి పాలు పొయ్యి మీద పెట్టుకొని కూర్చున్నాను.

పొద్దు గుంకినాక ఒక్కో ఇంటి ముందర పాడుకుంటా మా గేరిలోకి వచ్చినారు. దూరం నుంచే గుర్తుపట్టినాను, ఆ డోలక్‌కు ఎడమ పక్క గొంతు కొంచెం బొంగురు. భీమమ్మ ఇంటి ముందర రెండు పాటలు పాడినారు. నేను కొంగు సర్దుకొని తలుపు దగ్గర నిలబడినాను.

మా వాకిలి రాగానే డోలక్ ఆగిపోయింది వదినా. దాని మీద తువ్వాల కప్పినారు. ఏసుప్రసాదు ముందర నడుస్తూ పిల్లలందరికీ వేలు చూపించినాడు, మాట్లాడొద్దని. తలలు వంచుకొని మా ఇల్లు దాటి పోయినారు. పైన స్టారు వెలుగుతానే ఉండాది. ఒకడు మాత్రం మెల్లిగా 'వందనాలమ్మా' అన్నాడు. పిలుద్దామని గడప దాకా వచ్చి ఆగిపోయినాను. నాలుగిండ్లు దాటినాక మళ్లీ కొట్టినారు.

మట్టి వేసిన నాడు కూడా నేను అంత ఏడవలేదు. ఆయన ఈ ఇంటికి నిజంగా రాడని ఆ పూటనే తెలిసింది. కజ్జికాయలన్నీ మాబీ వాళ్లింటికి ఇచ్చేసినాను.

వాళ్లను తప్పు పట్టను. మర్యాద చేసినామనుకున్నారు. ఇట్లాంటి మర్యాద నాకు వద్దని నేను చెప్పలేను, ఆడదాన్ని, అందులోనూ ఇప్పుడు. మీరే ఏసుప్రసాదుకు ఒక మాట రాయండి. మీ మాటంటే వాడికి గురి. నా దుఃఖం నాకుంది గానీ, నన్ను చూసి డోలక్ ఆపొద్దని చెప్పండి.

జెస్సీ బాగుంది. పుల్లటివి అడుగుతోంది.

కృపమణి


కడప
28 డిసెంబరు 2024

కృపమణీ,

ఏసుప్రసాదు ఊరి పండగ ఫోటోలు ఇంటిగలామె ఫోనుకు పంపించాడు. ఆమె సంబరంగా తెచ్చి చూపించింది. అందులో మా నాన్న కట్టిన ఇల్లు ఉంది. ఆ ఇంటి మీద స్టారు వెలుగుతోంది.

ముందు నమ్మలేదు. అద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాను.

ఏసుప్రసాదు కడప వచ్చినప్పుడు, నువ్వు డోలక్ చర్చికిచ్చేశావని చెప్పాడు. నీ మనసు చివుక్కుమంటుందని, అది నీ ముందు మోగకూడదని, అప్పుడే వాడి చెయ్యి పట్టుకొని చెప్పి పంపాను. 'ఆ ఇంటి ముందు డోలక్ కొట్టొద్దు, నెమ్మదిగా దాటి పోండి' అని. వాడు మాట నిలబెట్టుకున్నాడు. నేను ఇంత దూరం నుంచి నీ కోసం ఆలోచిస్తుంటే, నువ్వు బల్బు పెట్టి పండగ చేసుకున్నావు. కజ్జికాయలు కూడా చేశావని ఫోటోల కింద రాశాడు. నా తమ్ముడు పోయి ఎన్నాళ్లయిందని?

నవ్వొచ్చింది, తప్పా అని జాబు రాసినప్పుడే నాకు అర్థం కావాల్సింది. నువ్వు అడిగింది సలహా కాదు, అనుమతి.

నాకు పుట్టిల్లు అంటూ ఉన్నది వాడే. వాడితోనే పోయిందనుకుంటాను. ఇక ఆ గడప తొక్కను. నీ ఇల్లు, నీ పండగలు, నీ ఇష్టం.

వరమ్మ


నల్లవాగుపల్లె
9 ఫిబ్రవరి 2025

వదినా,

నా జాబు నీకు, నీ జాబు నాకు దారిలో ఎదురుపడి దాటుకొని పోయినట్లున్నాయి. నాది చదివినాక మళ్లీ రాస్తావని జనవరంతా పోస్టుమ్యాన్ సైకిలు కోసం చూసినాను. నువ్వు రాయలేదు. ఇప్పుడు నేనే రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను, ముందే చెప్తున్నాను.

డోలక్ ఆపించింది నువ్వా? పిల్లలు తెలియక చేసినారనుకొని నేను నీకే మొరపెట్టుకున్నాను. నీకే! నన్నొక మాట అడగకుండా, నాకేది ఓర్చుకునే శక్తి ఉందో, ఏది లేదో కడపలో కూర్చొని నువ్వెట్లా తేల్చినావు? ఎవరెంత ఏడవాలో కొలిచి పెట్టే పని నీకెవరిచ్చినారు?

నా రోజు ఎట్లా పోతుందో చెప్తాను విను. మొన్న గురువారం పొద్దున్నే ఎనుము ఈనింది. దూడ కాళ్లు వణుకుతా లేచి నిలబడితే నాకు సంతోషమైంది. నిజమైన సంతోషం, దాచేది లేదు. దాన్ని తుడవడానికి పాత గుడ్డ కోసం పెట్టె తెరిస్తే ఆయన గళ్ల లుంగీ చేతికొచ్చింది. దాని మీద కూలబడి ఏడ్చినాను. ఆ లుంగీతోనే దూడను తుడిచినాను, వేరే గుడ్డ లేదు. మధ్యాహ్నం జెస్సీ ఫోన్ చేసి, 'అత్తమ్మా, లోపల తంతాండాది' అంటే నవ్వినాను. సాయంత్రం ఇద్దరికని బియ్యం కొలిచి, ఒకదాన్నే కదా అని తెలిసి సగం తీసి డబ్బాలో పోసినాను. అన్నీ ఒక్క దినమే వదినా. ఇందులో ఏది ఆపేసేది, ఏది ఉంచుకునేది? నాకు చేతకాదు. వచ్చింది వచ్చినట్లే పడుతున్నాను.

నీకేం, పెన్షను వస్తుంది, కడపలో నీ బతుకు నీకుంది. పండగకో పబ్బానికో తమ్ముడు గుర్తొస్తాడు, ఫలం మానేస్తావు. నాకు తెల్లారి కండ్లు తెరిస్తే పక్క మంచం ఖాళీ. నీకేం పోయిందని ఇంత పెత్తనం?

గడప తొక్కనంటివి. తొక్కమని నేను బతిమాలను.

శనగ కోతకొచ్చింది. పని ఉంది.

కృపమణి


కడప
20 ఫిబ్రవరి 2025

కృపా,

నీకేం పోయింది అని అడిగావు. ఎవరూ అడగని ప్రశ్న అది. కోపంతో అడిగినా సరే, అడిగావు. జవాబు రాస్తున్నాను.

రాజు పుట్టిన పురిట్లోనే మా అమ్మ పోయింది. నాకప్పుడు పదేళ్లు. నాన్న నాపరాయి గనుల పనికి పోయేవాడు. మేకపాలలో గుడ్డ ముంచి వాడి నోట్లో పిండింది నేను. బడి మానేసి రెండేళ్లు వాణ్ని మోశాను. మళ్లీ బడికి పోయినప్పుడు వాణ్ని చంకనేసుకొనే పోయాను. టీచరమ్మ వెనక బెంచీలో పడుకోబెట్టమనేది. తర్వాత నాకొక సంబంధం వచ్చింది. పిల్ల చాలు, పిల్లవాడు వద్దన్నారు. నేను వద్దనుకున్నాను. ఇవన్నీ వాడు నీకు చెప్పే ఉంటాడు, తమాషాగా చెప్పి ఉంటాడు. నాకవి తమాషాలు కావు. వాడికి మొదటి పన్ను వచ్చింది నా వేలు కొరికే. మరి నేనెవరిని? అక్కనంటే సరిపోదు. అమ్మనంటే ఊరు నవ్వుతుంది.

ఆగస్టులో నేను వచ్చేసరికి నీ చుట్టూ ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. అది న్యాయమే. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వచ్చిన ప్రతి మనిషీ నా దగ్గర ఆగి, 'కృపమ్మ ఎట్లుండాది?' అని అడిగి లోపలికి పోయేవాళ్లు. నన్ను ఒక్కరు కూడా పలకరించలేదు. టీచరమ్మ కదా, గట్టి మనిషి. టీ గ్లాసులు కడిగి అందించాను. మూడో రోజు ప్రార్థన అయ్యాక బస్సెక్కి వచ్చేశాను. ఆ ఇంట్లో నేను ఏడవలేదు కృపా. ఏడవడానికి నాకు చోటు దొరకలేదు. ఇక్కడికి వచ్చాక ఇంటిగలామె ముందు ఎందుకు ఏడవాలి? అందుకే ఫలం మానేశాను, చీర మానేశాను. నా చేతిలో ఉన్నది అదొక్కటే.

డోలక్ సంగతి. నీ కోసమని రాశాను. అబద్ధం. వాడి డోలక్ మీద ఇంకొకడి చెయ్యి పడుతుందంటే నేను ఓర్చుకోలేకపోయాను, అందులోనూ ఆ వాకిట్లో. నేను ఊళ్లో లేను. ఊళ్లో ఉన్నా నా చెవులకు వినపడదు. నాకు వినపడని చప్పుడును ఆపించి, వినాలని కాచుకున్న నీకు లేకుండా చేశాను. నీ డిసెంబరు జాబు నాది పోస్టు చేసిన మూడో నాడే వచ్చింది. చదివి పెన్ను పట్టుకున్నాను. ఇన్నాళ్లు పట్టింది.

తప్పు నాది. ఏసుప్రసాదుకు కూడా అట్లాగే రాశాను.

నువ్వు నన్ను మీరు అనడం మానేశావు. మళ్లీ మొదలుపెట్టకు, ఇదే బాగుంది.

గడప తొక్కనని రాసిన చెయ్యి నాదే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకొని రమ్మంటావు? రాలేనేమో. జెస్సీని జాగ్రత్తగా చూసుకో.

వరమ్మ


కర్నూలు
16 ఏప్రిల్ 2025

వదినా,

జెస్సీకి ఆడబిడ్డ పుట్టింది. సోమవారం పొద్దున. ఆపరేషన్ చేసి తీసినారు. తల్లీబిడ్డా బాగున్నారు. నువ్వు ముందు ఈ మాట చదవాలని ముందే రాస్తున్నాను.

నీ ఫిబ్రవరి జాబుకు జవాబు రాయనందుకు తిట్టుకుంటూ ఉంటావు. ఆ జాబు చదివి చీరల మధ్యన పెట్టినాను. శనగ నూర్పిళ్లయినాక రాద్దామనుకున్నాను. అంతలో జెస్సీకి బీపీ ఎక్కువైందని జయకుమారు ఫోన్. ఇల్లు తాళం వేసి వచ్చేసినాను. అప్పటినుంచి ఈడనే.

ఆపరేషన్ గది బయట ఒక ఆయమ్మ బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నుదురు చూసినాను, ఆ వెడల్పు ఆయనదే. అప్పుడొచ్చింది వదినా ఏడుపు, వరండా అంతా వినపడేటట్లు. ఆ ఆయమ్మ నా మీద విరుచుకుపడింది. 'ఆడబిడ్డ పుట్టిందని ఏడుస్తాండావా? నీకు సిగ్గుండాదా, నువ్వు ఆడదానివి కాదా?' అని. చుట్టూ ఉన్నోళ్లందరూ నన్ను పాపిష్టిదాన్ని చూసినట్లు చూసినారు. కాదమ్మా, మా ఆయన గుర్తొచ్చినాడని చెప్పబోతే నవ్వొచ్చింది. ఏడుస్తూ నవ్వుతున్నాను. ఆమె ఇంకా తిట్టింది. జయకుమారు వచ్చి చెప్పేదాకా వదల్లేదు. తర్వాత ఆమే టీ తెచ్చిచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె మొగుడు కూడా పోయినాడంట.

ఆ పూట భీమమ్మ చూపు గుర్తు రాలేదు నాకు. ఎవరు ఏమనుకుంటారో అనే తలంపే రాలేదు.

నీకొక మాట చెప్పాలి. పెండ్లయిన కొత్తలో ఆయనకు జ్వరమొస్తే కలవరించేవాడు. 'అమ్మా' అనేవాడు కాదు, 'అక్కా' అనేవాడు. నాకు కుళ్లుగా ఉండేది. నీ జాబు చదివినాకే అది నాకు అర్థమైంది. నీకేం పోయిందని అడిగిన నోరు నాది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఏ మొహం పెట్టుకొని రమ్మంటావు అన్నావు. నేను రమ్మనను. మీ నాన్న కట్టిన ఇంటికి నిన్ను రమ్మని పిలవడానికి నేనెవరిని? తాళంచెవి మాబీ దగ్గర ఉండాది. కుట్లు ఆరి, డాక్టరమ్మ పంపేదాకా మేము ఈడనే ఉంటాం. ఈస్టరు కూడా ఈడనే.

జయకుమారు అడ్రసు వెనక రాసినాను.

నీ కృప


నల్లవాగుపల్లె
25 ఏప్రిల్ 2025

కృపా,

పైన ఊరిపేరు సరిగానే చదివావు. నీ ఇంట్లో, నీ గోధుమపిండి డబ్బా మీద కాయితం పెట్టుకొని రాస్తున్నాను.

మంగళవారం వచ్చాను. కడప నుంచి బస్సులో ఎండకు ప్రాణం పోయింది. మాబీ నన్ను చూడగానే తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది. గడప దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎండకు కాళ్లు కాలుతుంటే ఎంతసేపు నిలబడతాను? లోపలికి వచ్చేశాను.

ఇంట్లో ఎవరూ లేకపోవడం మంచిదయింది. వాడి మంచం మీద కూర్చున్నాను. ఆగస్టు నుంచి మోసింది అంతా అక్కడ దించాను. ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియదు, నా చెవులకు వినపడదు కదా. ఊరికి మాత్రం వినపడిందట. ఎవరూ రాలేదు, ఏడవనిచ్చారు.

నిన్న పొద్దున వాకిలి ఊడుస్తుంటే భీమమ్మ వచ్చింది. వెనకాల గేరి ఆడవాళ్లు ఇంకా ముగ్గురు నలుగురు. క్రిస్మసు స్టారు గురించి ఏదో పంచాయితీకి వచ్చారేమో అనుకున్నాను. లోపలికి వచ్చి చాప వాళ్లే పరుచుకొని కూర్చున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. భీమమ్మ నా రెండు చేతులూ పట్టుకొని, నాకు వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. 'ఎట్లా పోయినాడు తల్లీ నీ కొడుకు?' అని.

ఆమెకు తెలియదా? ఆమె ఇల్లు ఈ వరసలోనే. వాణ్ని మంచం మీద నుంచి దించింది ఆమె కొడుకే. తెలిసినా అడగడం మన మర్యాద, అడిగితేనే కదా చెప్పుకుంటాం. నన్ను ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. నేను చెప్పాను. ఆగస్టు నుంచి కాదు, మేకపాల నుంచి మొదలుపెట్టాను. వాడి మొదటి పన్ను, బడిలో వెనక బెంచీ, నాన్న తిట్టినప్పుడు నా కొంగులో దాక్కోవడం, నిన్ను చూసి వచ్చిన రోజు అన్నం తినకుండా పాటలు పాడడం, అన్నీ చెప్పాను. ఏడ్చేచోట ఏడ్చారు. వాడు పాస్టరయ్య సైకిలు బావిలో పడేసిన సంగతి చెప్తే నవ్వారు, నేనూ నవ్వాను. ఒకరినొకరం చూసుకోలేదు, ఎవరికీ తప్పనిపించలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా కూర్చున్నారు.

వాళ్లు పోయాక మాబీని అడిగాను, వీళ్లందరికీ ఏమైంది, ఇన్నాళ్లకు నా మీద ఇంత దయ ఏమిటని. మాబీ గేరి మొత్తానికీ వినపడేటట్లు నా చెవిలో అరిచింది.

'మీరొచ్చినారని నేను చెప్తే, కృపమ్మ కర్నూలు నుంచి ఇంటింటికీ ఫోన్ చేసింది టీచరమ్మా. మా ఇంట్లో కొడుకు పోయిన తల్లి ఉండాది, ఒంటరిగా ఉండాది, ఎవరూ మాట్లాడించలేదు, పోయి మాట్లాడిచ్చండి అని చెప్పింది.'

కృపా, ఆ మాట నువ్వు అన్నావు. నాకు పేరు లేదని రాస్తే నువ్వు ఊరంతా ఫోన్లు చేసి పేరు పెట్టించావు. నలభై ఏళ్లు పిల్లలకు వ్యాసాలు రాయించిన నాకు ఆ ఒక్క మాట తట్టలేదు.

వాడు లేడు. అది మారదు. ఈ జాబు పూర్తయ్యేలోపు మళ్లీ ఏడుస్తాను, నాకు తెలుసు. మాబీ జొన్నరొట్టె, పుంటికూర పంపింది. ఏడ్చాక అంత ఆకలి వేస్తుందని నాకు తెలియదు, రెండు రొట్టెలు తిన్నాను.

దూడ నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. నీళ్ల కాగు కడిగి పెట్టాను, కట్టెలు కొట్టించాను. బాలింతను ఎండలో తీసుకురాకండి, తెల్లవారుజామున బయల్దేరండి. తలుపు తట్టొద్దు, నాకు వినపడదు. తాళం వేయను, నెట్టుకొని వచ్చేయండి.

వరమ్మ